స్టేట్‌మెంటులో పోయిన మనిషి

ఆదివారం సాయంత్రం కైసా హేకినెన్ ఆర్వో నీమిని చంపేసింది. మంగళవారం పొద్దున్నే ఆయన కాలికి కట్టు మార్పించుకోవడానికి ఆమె పనిచేసే క్లినిక్కుకి వచ్చాడు.

చంపింది కాగితం మీదే లెండి. డాక్టరు తరఫున రోగుల్ని చూసి మందులు రాసే ఫిజీషియన్ అసిస్టెంట్ల కోర్సుకి అర్జీ పెట్టేవాళ్లు స్టేట్‌మెంటు ఒకటి రాయాలి. నువ్వెవరు, ఈ పనే ఎందుకు కావాలనుకుంటున్నావు, పేజీన్నరలో చెప్పాలి. నిరుడు కైసా రాసినదాన్ని ఒక్క కాలేజీ కూడా ఖాతరు చేయలేదు. అందులో "నేను" అన్న మాట కోసం భూతద్దం పెట్టి వెతకాలి. మేము బీపీ చూస్తాము, మేము కట్లు కడతాము, మంచు తుఫాను వచ్చినా మా క్లినిక్కులో పనాగదు, ఇదీ వరస. కైసా వాళ్ల సరస్సు ఒడ్డు ఊళ్లలో ఫిన్లాండ్ నుంచి వచ్చినవాళ్ల మనవలూ మునిమనవలూ పెరిగే తీరే అంత. తన గురించి తాను చెప్పుకునేవాణ్ని అక్కడ దొంగను చూసినట్టు చూస్తారు. కేకు బాగుందని ఎవరైనా అంటే, అడుగంటిందిలే అనాలి. అలా పెరిగిన పిల్లను కూర్చోబెట్టి నీ గొప్పలు నువ్వు చెప్పుకో అంటే ఏం రాస్తుంది?

ఈసారి సాయానికి డెవన్ దొరికాడు. ఆమె చదివిన కాలేజీలో అర్జీలు దిద్దిపెట్టే సలహాదారు. ఫోన్ తెర మీద కనిపించి, ఓపిగ్గా నవ్వుతూ, "బాగానే ఉంది కైసా, కానీ నిన్ను మార్చేసిన సంఘటన ఏది? నువ్వు పోగొట్టుకున్నదేంటి?" అని అడిగాడు. ఏమీ పోగొట్టుకోలేదని చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది.

ఆదివారం కూర్చుని ఆర్వో గురించి మొదలుపెట్టింది. పేరు మార్చింది. చేపలు పట్టే మనిషిని వడ్రంగిని చేసింది. షుగరు వల్ల కాలికి పడిన పుండు గురించి, వారానికి రెండుసార్లు తాను కట్టే కట్టు గురించి రాసింది. రాస్తూ రాస్తూ ఉండగా "ఆ చలికాలంలోనే ఆయన పోయాడు" అన్న వాక్యం దానంతట అదే వచ్చి పడింది. ఇక వేళ్లు ఆగలేదు. పోయేముందు ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నువ్వు తప్ప నాకెవరూ లేరన్నాడు. ఆ క్షణాన ఆమె తన జీవితం దేనికో తెలుసుకుంది. చదువుకుంటే తనకే కళ్లు చెమర్చాయి. తీసేద్దామనుకుంది, ఉంచుదామనుకుంది, మళ్లీ తీసేద్దామనుకుంది. చివరికి తియ్యకుండానే డెవన్‌కి పంపేసింది.

ఆ చచ్చిపోయిన మనిషే ఇప్పుడు ఎడమకాలి కట్టు మీద బ్రెడ్డు సంచీ తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. ఊరి బేకరీలో యాలకుల బ్రెడ్డు అమ్మే సంచీ అది. ఏప్రిల్ చివర కావడంతో మంచు కరిగి వీధంతా చిత్తడిగా ఉంది. కాలి మీద బరువు పడకుండా క్లినిక్కువాళ్లు ఆయనకో ప్రత్యేకమైన బూటు ఇచ్చారు. దానికి బురదంటుతుందని చంకలో పెట్టుకుని నడిచొచ్చాడు.

మామూలు రోజైతే కైసా నోరు ఊరుకోదు. "బూటు కాలికిచ్చారా, చంకకిచ్చారా ఆర్వో?" అని దులిపేస్తుంది. ఆయనో మాట అంటాడు, ఆమె రెండంటుంది, ఈలోగా కట్టు అయిపోతుంది. ఆ రోజు మాత్రం ఆమె తలెత్తలేకపోయింది.

"రండి నీమి గారూ," అంది. "మెల్లగా. ఇలా కూర్చోండి."

ఆర్వో వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని.

ఆమె సంచీ విప్పి, పాత కట్టు మీద గోరువెచ్చని సెలైన్ పోసి నానబెట్టింది. ఎండిన గాజుగుడ్డను గబుక్కున లాగితే కొత్తగా వస్తున్న కండ కూడా ఊడొస్తుంది. అంచు నుంచి మెల్లగా, గుడ్డను వెనక్కి మడుస్తూ తీసింది. పుండు దగ్గరికి వంగి వాసన చూసింది. కాగితం స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసింది. గుంట చిన్నదైంది, అడుగున కండ ఎర్రగా శుభ్రంగా ఉంది. నెలల తరబడి పడిన పాట్లు ఇప్పుడిప్పుడే ఫలిస్తున్నాయి. దాన్ని చూస్తుంటే ఆమెకు మరీ సిగ్గేసింది.

"నొప్పిగా ఉందాండీ?"

"ఆ కాలికి నొప్పి తెలిసుంటే నేనిక్కడికెందుకొస్తానే? మేకు దిగినా తెలీదు దానికి."

"కాఫీ తెచ్చిపెట్టనా?"

"మీ కాఫీయా? నన్ను చంపుదామనా?"

కైసా చేతిలో కత్తెర కింద పడింది. దాన్ని పక్కన పడేసి, కొత్తది తీసుకుని, గాజుగుడ్డ కత్తిరించి గుంటలో వదులుగా పెట్టింది. కట్టు కట్టింది. అయిపోయాక లేచి వెళ్లకుండా ఆయన చేతి మీద చెయ్యి వేసింది. ఎందుకు వేసిందో ఆమెకే తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆర్వో ఆ చేతిని చూశాడు, ఆమె మొహాన్ని చూశాడు.

"మొన్న రక్తం తీశారు గదా," అన్నాడు. "లోరేన్ ఏమైనా అందా?"

"అంతా బాగానే ఉందండీ. మీరేం దిగులు పెట్టుకోకండి."

"సరేలే. మీకు చెప్పకూడదని రూలుంటుందిగా."

లోరేన్ ట్రెంబత్ ఆ క్లినిక్కులో ఫిజీషియన్ అసిస్టెంట్. డాక్టరు వారానికోసారి వస్తాడు. తక్కిన రోజుల్లో రోగిని పరీక్షించేదీ, మందు రాసేదీ, కుట్లు వేసేదీ, ఊళ్లోవాళ్లను తిట్టేదీ ఆవిడే. లోపలికొచ్చి పుండు ఫోటో చూసి, "పర్లేదే ముసలాడా, వేసవికి మానేట్టుంది," అంది. ఆర్వో నవ్వలేదు. బూటు మళ్లీ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"నీ స్టేట్‌మెంటు శుక్రవారం తెచ్చివ్వు," అని లోరేన్ కైసాతో అంది. "అది చదివాకే నా సిఫారసు ఉత్తరం రాస్తా. నువ్వు నీ గురించి ఏమనుకుంటున్నావో నాకూ తెలియాలి గదా."

కైసా తలూపింది. ఆవిడ ఉత్తరం లేకపోతే ఈ ఏడు కూడా అర్జీ గట్టెక్కదు. తనేమనుకుంటోందో తనకే తెలియట్లేదని ఆవిడతో ఎలా చెప్పడం?

బుధవారం డెవన్ తెర మీద కనిపించగానే రెండు చేతులూ గుండెల మీద పెట్టుకున్నాడు.

"ఏడ్చేశాను కైసా! నిజంగా. ఆ చావు ఘట్టం మా ఆవిడక్కూడా చదివి వినిపించా. ఇదే, నేనడుగుతున్నది ఇదే."

"కొంచెం మార్చి రాశాను," అంది కైసా.

"మార్చాలి! రోగి ఎవరో తెలియకూడదు. పేరూ ఊరూ అందరూ మారుస్తారు."

"పేరు గురించి కాదు. ఆయన..."

"ఆ 'నేను' చూశావా ఎంత ధైర్యంగా వచ్చిందో? ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు దాన్ని?"

కైసా నిజంగా తను చేసినవి రాసినప్పుడు డెవన్ 'ఎవరు చేశారిది, స్పష్టంగా లేదు' అన్నాడు. జరగనిది రాస్తే మనిషి కళ్లకు కట్టిందంటున్నాడు. పుండు కడిగింది నిజం, వాసన చూసింది నిజం, అవన్నీ డెవన్ కళ్లకు ఆనలేదు. చెయ్యి పట్టుకోవడం అబద్ధం, అదే అతణ్ని పట్టుకుంది. మంగళవారం తను వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది కాబట్టి అదిప్పుడు సగం నిజమైందా? డెవన్ ఫోన్ పెట్టేశాక ఆమె చాలాసేపు నల్లబడ్డ తెరలో తన మొహం చూసుకుంటూ కూర్చుంది.

గురువారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాళ్లమ్మ మార్లిస్ చర్చి నుంచి వచ్చి కోటు కూడా విప్పకుండా వంటింట్లో నిలబడి ఉంది.

"ఆర్వో తన పడవ మోటారు పక్కింటి రూబెన్‌కి ఊరికే ఇచ్చేశాడటనే," అంది. "పాస్టరు దగ్గరికెళ్లి తన అంత్యక్రియలకి ఏ కీర్తనలు పాడాలో చెప్పొచ్చాడట. పొట్టివే పాడమన్నాడట."

కైసా బూట్లు విప్పబోతున్నదల్లా ఆగింది. "ఎందుకట?"

"నన్నడుగుతావేంటి? క్యాన్సర్ అంటున్నారు. క్లినిక్కులో ఉండేది నువ్వు."

"ఆయనకేం లేదమ్మా!"

మార్లిస్ కూతురి వైపు జాలిగా చూసింది. "చెప్పకూడదు గదా మీరు. నేనేం అడగలేదులే. నువ్వేం చెప్పలేదులే."

"లేదమ్మా, నిజంగానే ఏమీ లేదు!"

"అలాగే అనాలి మరి," అని మార్లిస్ కోటు విప్పింది. "పాపం, రూబెన్ కూడా నిన్నడుగుదామంటే నేనే వద్దన్నా. పిల్లని ఇబ్బంది పెట్టకండన్నా."

ఏమంటే ఏమవుతుందో కైసాకి అర్థం కాలేదు. లేదంటే దాస్తోందంటారు. ఊరుకుంటే ఒప్పుకుందంటారు. రోగి సంగతి బయట మాట్లాడకూడదన్న రూలు ఉండనే ఉంది. తను పడకగదిలో తలుపేసుకుని చంపిన మనిషి ఊరంతా చచ్చిపోతున్నాడు. పోనీ ఇది కాకతాళీయమేమో, ముసలితనంలో బుద్ధి పుట్టి మోటారు ఇచ్చేశాడేమో. అలా సర్దిచెప్పుకుని భోజనానికి కూర్చుంది.

"ఇంతకీ నీ గురించి రాయడం అయిందా?" అని మార్లిస్ బంగాళాదుంపలు వడ్డిస్తూ అడిగింది. "అంతంత సేపు రాయడానికి నీ గురించి ఏముందే?"

శుక్రవారం ఆర్వో రావాల్సిన వేళ దాటిపోయింది. లోరేన్ మధ్యాహ్నం తన బల్ల దగ్గరే మాంసం కూరిన పేస్టీ తింటూ కైసా ఇచ్చిన కాగితాలు చదివింది. ఆవిడ చదువుతున్నంతసేపూ కైసా పక్కన నిలబడి చేతి తొడుగుల డబ్బాలు సర్దింది. సర్దిన డబ్బాలే మళ్లీ సర్దింది.

"ఎవరీ వడ్రంగి?" అని లోరేన్ అడిగింది.

"ఒక పేషెంటు."

"వడ్రంగులు కూడా కాలికి బ్రెడ్డు సంచీ తొడుక్కుంటారా?"

పేరు మార్చింది, వృత్తి మార్చింది, ప్రాణమే తీసేసింది. ఆ సంచీ మాత్రం వదిలేసింది. రోజూ చూసేదే కదా, అది ఆయన్ని పట్టిస్తుందని ఆమెకు తోచనే లేదు. కైసా ముఖం కందగడ్డలా అయింది.

"ఆర్వో పొద్దున ఫోన్ చేశాడు," అంది లోరేన్. "ఇంక రానన్నాడు. తన మీద గాజుగుడ్డ దండగన్నాడు. ముసలాడికి తిక్క రేగిందనుకున్నా. ఏమన్నావు నువ్వాయన్ని?"

"ఏమీ అనలేదు. ఇది రాశాక ఆయన మొహం చూడలేకపోయాను. అందుకని... మంగళవారం బాగా చూసుకున్నాను. అంతే."

"ఎంత బాగా?"

"కాఫీ కావాలా అన్నాను. చెయ్యి పట్టుకున్నాను. నీమి గారూ అన్నాను."

లోరేన్ తింటున్న పేస్టీ కింద పెట్టింది. "గారు అన్నావా?"

"అన్నాను."

"ఓసి పిచ్చి మొద్దా! ఆ మనిషిని పుట్టాక ఎవరైనా గారూ అన్నారా? మనూళ్లో ఒకడితో మెత్తగా మాట్లాడామంటే వాడు పోతున్నాడనేగా అర్థం! మా అమ్మ నన్ను బంగారం అన్నది ఒక్కసారే, అపెండిక్స్ పగిలినప్పుడు." ఆవిడ లేచి కాగితాలు కైసా చేతిలో పెట్టింది. "ఉత్తరం సంగతి తర్వాత. ముందెళ్లి ఆ కాలు చూసి రా. కట్ల సంచీ తీసుకెళ్లు."

ఆర్వో ఇంటి తలుపు తడితే ఎవరూ తియ్యలేదు. వెనకవైపు సౌనా గొట్టం నుంచి పొగ వస్తోంది. కైసా బురదలో పడుతూ లేస్తూ వెళ్లి ఆ ఆవిరిగది తలుపు తట్టి, బట్ట చుట్టుకోమని అరిచి, లోపలికెళ్లింది. వేడి మొహానికి కొట్టింది. ఆర్వో నడుముకి తువ్వాలు చుట్టుకుని బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కట్టు లేదు. బూటు లేదు. ఎడమకాలు చాపి, రాళ్లు పేర్చిన ఇనుప పొయ్యికి ఆనించి ఉంచాడు. గదిలో కట్టె వాసనతో బాటు ఇంకో వాసన ఉంది. కాలుతున్న చర్మం వాసన అది.

"కాలు! ఆర్వో, కాలు తియ్యండి!"

ఆయన కాలు వైపు చూసుకున్నాడు, అది వేరే ఎవరిదో అయినట్టు. ఆమె వంగి మడమ కింద చెయ్యి పెట్టి లాగేసింది. బయటి గదిలోకి నడిపించి, కుర్చీలో కూలేసి, మోకాళ్ల మీద కూర్చుంది. కాలి పక్కంతా బొబ్బలు. కొన్ని అప్పటివి కావు. చిటికెన వేలు నల్లబడింది.

"ఎప్పట్నుంచి ఇలా?"

"బుధవారం నుంచి రోజూ కాగుతున్నా. పోయేవాడికి స్నానం కూడా వద్దంటావేంటి?"

"మీరు పోవట్లేదు!"

"చెప్పకూడదని రూలు. నాకు తెలుసులే పిల్లా. నీ మొహమే చెప్పింది."

"రూలు లేదు, గాడిదగుడ్డూ లేదు!" ఆమె గొంతు కీచుగా లేచింది. "మీకేమీ కాలేదు. నేనే రాశాను, మీరు పోయినట్టు. కాలేజీ సీటు కోసం రాసే స్టేట్‌మెంటులో. బతికున్నట్టు రాస్తే ఎవరూ చదవడం లేదు. రాశాక మీరెదురుగా వచ్చి కూర్చుంటే సిగ్గేసి... అందుకే అలా మాట్లాడాను."

ఆర్వో అరచేత్తో మెడ మీది చెమట తుడుచుకున్నాడు.

"దేంతో పోయాను?"

"అది రాయలేదు. ఊరికే... చలికాలంలో."

"ఊరికే పోయానా?" ఆయనకు కోపం వచ్చిందో నవ్వొచ్చిందో ఆమెకు తెలియలేదు. "మోటారు ఇచ్చేశానే. వైనోకి ఫోన్ కూడా చేశాను."

వైనో ఆయన తమ్ముడు. వాళ్ల నాన్న పడవ విషయంలో మాటా మాటా వచ్చి, అవతలి ఒడ్డు ఊరెళ్లిపోయి, ఇన్నేళ్లలో ఒక్క క్రిస్మస్ కార్డు కూడా రాయలేదు. ఇద్దరిలో ఎవరు ముందు మాట్లాడతారోనని ఊరు ఎదురుచూడటం కూడా మానేసింది.

"రేపొస్తానన్నాడు," అన్నాడు ఆర్వో. "ఫోన్లో ఏడ్చాడు. ఇప్పుడు నేను చావట్లేదంటే ఏం మొహం పెట్టుకుని చెప్పను? వాడొచ్చి వెళ్లేదాకా ఊరుకో. ఆదివారం దాకా పోతూనే ఉంటా. నీకేం పోయింది?"

కైసా ఆయన మొహంలోకి చూసింది. నిజంగానే బతిమాలుతున్నాడు. తను కట్టిన అబద్ధం ఈ ఇంటికి తమ్ముణ్ని తెస్తోంది, కాలిని తినేసింది. దేన్ని దేంతో తూచాలో ఆమెకు తెలియలేదు. చేతికింద నల్లబడ్డ వేలు బిరుసుగా తగిలింది. అదొక్కటే స్పష్టంగా ఉంది.

"కుదరదు," అంది. "లేవండి. పెద్దాసుపత్రికి వెళ్తున్నాం."

"నువ్వెవరే చెప్పడానికి?"

"ఈ పుండు కడిగింది నేను. రేపటికి మానుతుందా లేదా అని పడుకునేముందు తల్చుకున్నది నేను. నాశనం చేసిందీ నేనే. నేను చెప్తున్నా, లేవండి!"

ఆర్వో లేచాడు. ఎంత గట్టిగా అరిచిందో ఆమెకు కారులో కూర్చున్నాక గాని తెలియలేదు.

పెద్దాసుపత్రిలో తెల్లకోటు తొడుక్కున్న కుర్ర ఫిజీషియన్ అసిస్టెంట్ ఒకతను వచ్చాడు. కైసా పుండు సంగతి మొదట్నుంచీ చెప్పింది. ఎప్పుడు పడింది, ఎంత లోతు, ఏ మందు పడలేదు, బుధవారం నుంచి ఏమైంది. ఎందుకైందో కూడా చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు.

"ఆ క్లినిక్కులో ఫిజీషియన్ అసిస్టెంట్ మీరేనా?" అని అడిగాడు.

"కాదు. కట్లు కడతాను."

"థాంక్స్. ఇక మేం చూసుకుంటాం," అని అతను మర్యాదగానే తెర లాగాడు. కైసా ఇవతల ఉండిపోయింది. లోపల పనిముట్లు ట్రేలో పెడుతున్న చప్పుడు, ఆర్వో తిట్లు వినిపించాయి. తెర అవతల ఉండాలని ఆమెకు ఎంత గట్టిగా అనిపించిందంటే, పక్కనున్నవాళ్లకు వినపడిందేమోనని చుట్టూ చూసింది. ఈ పనే ఎందుకని ఏడాదిగా అడుగుతున్నారు. ఇంత సిగ్గులేని కోరికను కాగితం మీద ఎలా పెడతారో ఆమెకు అప్పటికీ తెలియలేదు.

శనివారం చిటికెన వేలు తీసేశారు. తక్కిన కాలు దక్కింది.

సోమవారం కైసా సెలవు పెట్టి ఆసుపత్రికెళ్లింది. ల్యాప్‌టాప్ సంచీలో ఉంది. ఆదివారమంతా కూర్చుని స్టేట్‌మెంటు మళ్లీ రాసింది. పొద్దున లోరేన్ అది చదివి, ముక్కు చీది, "ఉత్తరం రాస్తా. కానీ ఆర్వో చదవకుండా పంపావంటే చింపేస్తా," అంది. డెవన్ మాత్రం నెత్తి పట్టుకున్నాడు. నీ తప్పు నువ్వే రాసిస్తే ఎవరు తీసుకుంటారు, మొదటిదే పంపు అని ప్రాధేయపడ్డాడు.

గదిలో ఆర్వో దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. పక్క కుర్చీలో అదే ముక్కుతో ఇంకో ముసలాయన. తలుపు వెనక కొక్కేనికి ప్లాస్టిక్ తొడుగులో నల్ల సూటు వేలాడుతోంది.

"వీడు వైనో," అన్నాడు ఆర్వో. "చావుకని సూటు తెచ్చుకున్నాడు. చావలేదని అలిగాడు."

"పెట్రోలు తగలేసుకుని వచ్చాను మరి," అన్నాడు వైనో. "వేలు పాతిపెట్టడానికి సూటెందుకు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నవ్వారు. కైసా ఆయన వేలు సంగతి ఎత్తబోయింది. ఆర్వో చెయ్యి అడ్డం పెట్టి, "ఇటివ్వు, ఏం రాశావో," అన్నాడు.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని తెర మీద వేలు ఆనిస్తూ చదివాడు. చాలాసేపు పట్టింది.

"ఇందులో నేను బతికే ఉన్నా."

"ఉన్నారు."

"నువ్వు అబద్ధం రాసిందీ రాశావు. నా వేలు పోయిందీ రాశావు."

"రాశాను. పేరు పెట్టలేదు. మీరు వద్దంటే అదీ తీసేస్తా."

"పాతదేది? చదువు."

ఆమె తెర మూసెయ్యబోయింది. ఆయన ఊరుకోలేదు. వడ్రంగి చచ్చిపోవడం, చెయ్యి పట్టుకోవడం, ఎవరూ లేరనడం, అంతా పైకి చదివింది. చెవులు కాలిపోయాయి. వైనో కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

"ఎవరో గానీ మంచోడు," అన్నాడు ఆర్వో చివరికి. "నాకంటే మంచోడు. ఇదే పంపు."

"ఏంటి?"

"ఇదే పంపు. ఇది వింటుంటే మా వైనోగాడే ఏడ్చాడు, రాయిలాంటి వెధవ. ఆ కాలేజీవాళ్లెంత? రెండోది నిజమే, కానీ చప్పగా ఉంది. నాది నేనే ఇస్తున్నా, ఎవరేమంటారు? మోటారు రూబెన్‌ దగ్గర్నుంచి వెనక్కి తెచ్చుకుంటా. చావు నువ్వుంచుకో. నాకెలాగూ ఇంకోటి వస్తుంది."

కైసా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తను దొంగిలించిందాన్ని ఇప్పుడు ఆయనే చేతికిచ్చాడు. ఇక అది తప్పు కూడా కాదేమో. కాకపోతే మరి వేళ్లు ఎందుకు కదలట్లేదు? ఇలాంటి మనిషి ఇలాంటిది ఇస్తే ఏం చెయ్యాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇంటికెళ్తే మనసు మారుతుందని భయమేసింది. అక్కడే, ఆ కుర్చీలోనే, రెండోదాన్ని అర్జీలో అతికించి పంపేసింది.

"ఏది పంపావు?"

"మీరున్నదే."

"పిచ్చిదానా," అన్నాడు ఆర్వో. కళ్లద్దాలు తీసి దుప్పటి మీద పెట్టాడు. "ఇప్పుడు సీటు రాదు."

"రాకపోవచ్చు. రాకపోతే మీ కట్టు నేనే కడతాను."

"వస్తే వెళ్లిపోతావుగా?"

"వెళ్లాలి."

"నాకు తెలుసు," అన్నాడాయన. "తెలిసే మొదటిది పంపమన్నా."

అంత పెద్ద మాట ఆ ఊరి మనిషి నోట వినడం ఆమెకు అదే మొదలు. ఆయనకు అనడమూ అదే మొదలు కాబోలు, అనేసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కైసాకి ఏడుపొచ్చింది. ఈసారి ఆపుకోలేదు.

"సరేగానీ ఈ కట్టు చూడు," అన్నాడు ఆర్వో గోడతోనే. "వీళ్లెవరికీ కట్టడం రాదు."